సంత్రాగాఛి డాబా మీద గొల్లకావిడి

ఎనిమిదంగుళాల టెలిస్కోపు అద్దం ఊరికే ఇస్తారంటే జనవరి చలిలో కలకత్తా బయల్దేరాను. నాకు దూరపు వరస మావయ్య అప్పారావుగారు దాన్ని ఏళ్ళ తరబడి చేత్తో అరగదీసి తయారుచేశారట. కలకత్తా పక్కనే ఉన్న సంత్రాగాఛిలో రైల్వే ఫిట్టరుగా రిటైరయ్యారు. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కుదుర్చుకున్న అద్దెగదిలో మంచం వేస్తే టెలిస్కోపు పట్టదు.

సాయంత్రం విశాఖలో రైలెక్కాను. సంచిలో అద్దం చుట్టడానికి మందపాటి బొంత, అద్దం పనికొస్తుందో లేదో తేల్చడానికి నా వీడియో కెమెరా. కంటికందని మసక వెలుగుని అర సెకను ముక్కలుగా పట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, లాప్‌టాప్ మీద బొమ్మ కట్టిస్తుంది. ఎదుటి బెర్తు ఆయన కలకత్తా ఖిదిర్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాడు, మునిసిపాలిటీ పని. సంగతి విని నవ్వేశాడు.

"కలకత్తాలో సుక్కలేటి బాబూ? మాకు సెందమామే మాసిపోయి అగుపడతాడు."

నా అనుమానమూ అదే.

పొద్దున్న ఎనిమిదింటికి దిగాను. బ్యాటరీ రిక్షాని ఇక్కడ టోటో అంటారు. ఇరవై రూపాయలకి క్వార్టర్ల దగ్గర దింపింది. అత్తయ్య నరసమ్మగారు టీ, మరమరాలు పెట్టి, భర్త వినేలాగే అంది:

"అట్టుకుపో బాబూ, పున్నెముంటది. పెళ్ళయిన కాణ్నించీ సీకటి పడితే డాబా మీదే. నన్నొగ్గేసి ఏటి సూస్తాడో! నానొక్కపాలీ ఎక్కనేదు."

మావయ్య తువ్వాలుతో టెలిస్కోపు గొట్టం తుడుస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం చేపల పులుసు తిని ఓ కునుకు తీశాను. ఏడింటికి మావయ్యా నేనూ టెలిస్కోపు మోసుకుని డాబా ఎక్కాం. చుట్టూ రైల్వే యార్డు దీపాల వెలుగు, పైన తెల్లటి పొగమంచు. తూర్పున గొల్లకావిడి, అదే ఓరియన్ నడుములో వరసగా ఉండే మూడు చుక్కలూ, ఎలాగో దొరికాయి. వాటి కిందుండే నెబ్యులాకి, అంటే మెరిసే వాయుమేఘానికి, గురి పెట్టి, కన్ను ఆనించే చోట కెమెరా బిగించాను.

లాప్‌టాప్ తెర మొదట బూడిదగా ఉంది. ఐదారు సెకన్లలో గులాబీ రంగు రెక్కలు విచ్చుకున్నాయి. నడుమ ఆకుపచ్చ కాంతి, అందులో నాలుగు బుల్లి నక్షత్రాలు. అరకు చీకట్లో, డబ్బు పోసి కొన్న అద్దంతో కూడా నాకింత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు.

"ఓలే, ఓపాలి పైకి రా!" అని మావయ్య పెట్టిన కేకకి, ఆయన పడిపోయారేమోనని అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. తెర చూసి కొయ్యబారిపోయింది.

"ఓలమ్మ! సినిమాయేటి?"

నమ్మలేదు. గొట్టం మూతికి తన చీర కొంగు అడ్డం పెట్టింది. తెర నల్లబడింది. తీసింది, మళ్ళీ వచ్చింది. మూడుసార్లు అలాగే చేసింది. అప్పుడు భర్త మీదికి తిరిగింది.

"ఇంత సక్కటిది ఇన్నాళ్ళూ ఒక్కడివే సూసుకున్నావా?"

"నేదే. నాకు బూడిద పామినట్టే అగుపడేది. ఈ రంగులు నానూ ఇయ్యాలే సూత్తన్నాను."

"బూడిద కోసమా?" ఆమె ఆయన దగ్గరికొచ్చింది. "బూడిద కోసం ఇన్నేళ్ళు సలిలో నిలబడ్డావా?"

నేను కెమెరా తీసి, దాని చోట కంటితో చూసే కటకం పెట్టాను. ఆవిడ మొదటిసారి కన్ను ఆనించింది. "అవును, బూడిదే," అంది. అయినా కన్ను తియ్యలేదు. చాలాసేపటికి నాతో, "ఏటీ అనుకోకు బాబూ. అద్దం ఇయ్యనేను," అంది.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు. కలకత్తాలో ఆకాశం ఉండదని ఇక నేనెవరితోనూ అనను. సాగనంపడానికి వచ్చిన మావయ్య ఇంకా తేరుకోలేదు.

"పొద్దున్నే మీ అత్త మంచం పక్కింటోళ్ళకిచ్చీసినాది బాబూ. కింద తొంగుందాం, కొత్త గదిలో టెలిస్కోపు పట్టాల గదా అంటంది."

కూత వినబడింది. సంచిలోంచి బొంత తీసి కిటికీలోంచి ఆయన చేతికిచ్చాను.

"గచ్చు చల్లగా ఉంటుంది మావయ్యా," అన్నాను.