కాలిన సీటు మీద కూర్చున్న మనిషి

మా బాబాయి పోయారు. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నేను లండన్ పక్కనున్న రీడింగ్ ఊళ్లో ఆఫీసు మీటింగులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి లేవట్లేదురా" అంది. నేను హేస్‌లో వాళ్లింటికి చేరేసరికి అంబులెన్సు వాళ్లు సామాను సర్దుకుంటున్నారు. గుండె ఆగిపోయిందన్నారు.

చర్చిలో పాస్టర్‌గారు మంచి మాటలు చాలా చెప్పారు. చివర్లో, ఆయన ఎవరి మీదా పగ పెట్టుకోని మనిషి అన్నారు. పిన్ని తల దించుకుంది. నేను కిటికీ వైపు చూశాను. అన్నిట్లో ఆ ఒక్క మాటే నిజం కాదు. మా బాబాయి ఒక మనిషి మీద నాలుగేళ్లు పగ పెట్టుకున్నారు. తీర్చుకున్నారు. తీర్చుకున్నందుకు ఒక్క పూట కూడా బాధపడలేదు. ఆయన్ను తలచుకునేవాళ్లు ఆయన ఎలా ఉండేవారో అలాగే తలచుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశారు. పిన్నికి లండన్‌లో నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చి, హేస్‌లో ఒక యార్డులో పనికి కుదిరారు. రోడ్లు బాగుచేసే కంపెనీ ఒకటి తన పికప్ ట్రక్కులను రాత్రిళ్లు అక్కడే ఉంచి, అక్కడే మరమ్మతు చేయించేది. అప్పట్లో నేను కాంట్రాక్టు ఉద్యోగం దొరికేదాకా వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. వైరు అతికించాక మూడుసార్లు లాగి చూడటం ఆయన అలవాటు. ఆ అలవాటు యార్డులో ఆగేది కాదు. ఎవరింటికి వెళ్లినా కుర్చీని ఒకసారి కదిపి చూసి గాని కూర్చునేవారు కాదు. పిన్నికి అది చచ్చేంత సిగ్గుగా ఉండేది.

మొదటి చలికాలంలోనే ఆయన డ్రైవర్లను గమనించారు. తెల్లవారేసరికి బండెక్కి, సాయంత్రం నడుం పట్టేసి దిగేవారు. వాళ్లలో ఒక పెద్దాయనైతే దిగాక తలుపు పట్టుకుని కాసేపు నిలబడితే గాని అడుగు వేయలేకపోయేవాడు. బాబాయి యార్డు మేనేజర్‌ని అడిగి, ఆ పెద్దాయన బండిలో సీటు కవరు కింద వేడెక్కే ప్యాడ్లు వేశారు. దానికి విడిగా ఫ్యూజు, తాళం తీయగానే కరెంటు ఆపేసే రిలే పెట్టారు. సీటు జరిగే పట్టాలకు వైరు తగలకుండా చుట్టూ తిప్పి కట్టారు. రెండు రోజులు పట్టింది. మర్నాడు ఆ పెద్దాయన నవ్వుతూ దిగాడట. ఆ సంగతి బాబాయి మాకు మూడుసార్లు చెప్పారు.

డ్రైవర్లందరూ ఆ బండే కావాలని అడగడం మొదలుపెట్టారు. మేనేజర్ అన్ని బండ్లకూ వేయమన్నాడు. వారంలో అయిపోవాలన్నాడు. రిలేలూ విడి ఫ్యూజులూ వద్దు, బండిలో సిగరెట్ లైటర్‌కి వెళ్లే వైరు నుంచే కరెంటు లాగేయమన్నాడు. బాబాయి కుదరదన్నారు. అలా అయితే మనిషిని నిప్పు మీద కూర్చోబెట్టినట్టేనన్నారు. మేనేజర్ ఆ పనిని శనివారం ఇంకో మెకానిక్ చేత చేయించాడు. పని కాగితం మీద మాత్రం పేరు మార్చలేదు. బాబాయి పేరే ఉండిపోయింది.

మూడు వారాలకు ఒక బండిలో వైరు పట్టా కింద నలిగింది. సీటు లోపల్నుంచి రాజుకుంది. తన బండి ఇంకొకరు పట్టుకుపోవడంతో, ఆ రోజు దాన్ని తోలుతున్నది ఆ పెద్దాయనే. తొడ కాలింది. మేనేజర్ యార్డు మధ్యలో అందరి ముందూ బాబాయికి కాగితం చూపించి, మీ ఊళ్లో ఇలాగే చేస్తారేమోగాని ఇక్కడ మనుషులు కూర్చుంటారయ్యా అన్నాడు. ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. పెద్దాయన్ను చూడటానికి బాబాయి పళ్లు తీసుకుని ఆసుపత్రికి వెళితే, ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఉద్యోగం పోయిన సంగతి బాబాయి మామూలుగానే చెప్పారు. ఇది మాత్రం చెబుతూ చెబుతూ అన్నం ముందు నుంచి లేచిపోయారు.

నేను అప్పుడు కుర్రతనం మీద ఉన్నాను. మేనేజర్ కారు టైర్లు కోసేద్దామన్నాను. నిజంగానే కోసేవాణ్ణి. బాబాయి టీ గ్లాసు కింద పెట్టి అన్నారు. "టైరు కోస్తే రేప్పొద్దుటికి ఇంకో టైరు వేసుకుంటాడు. నాకు టైరెందుకురా? వాడు చేసింది వాడి నోటితోనే చెప్పాలి. అందరూ ఉండగా చెప్పాలి."

ఆ తర్వాత ప్రతి శనివారం నేను కారు తోలేవాణ్ణి, ఆయన పక్కన కూర్చునేవారు. కాలిన పికప్‌ను తుక్కు కింద అమ్మేశారని తెలిసి, పాత బండ్లు విప్పి అమ్మే యార్డులన్నీ తిరిగాం. నాలుగో నెలలో స్లౌ అనే ఊరి దగ్గర ఆ పికప్ దొరికింది. సీటు ఇంకా అందులోనే ఉంది. బాబాయి కవరు కోసి లోపలికి చూశారు. రిలే లేదు. వైర్లు మెలిపెట్టి ప్లాస్టిక్ టేపు చుట్టారు. ఆయన ఆ టేపును వేలితో చాలాసేపు తడిమారు.

సీటును ఇంటికి తెచ్చి చిన్న గదిలో పెట్టారు. అంటే నా గదిలో. గది నిండా మసి వాసన. పిన్ని ఎన్నిసార్లు గొడవపడినా కదలనివ్వలేదు. ఆదివారం ప్రార్థనలో క్షమించే మాట వచ్చినప్పుడు ఆయన పెదాలు ఆగిపోయేవి. పక్కనే నిలబడి నేను చూసేవాణ్ణి.

ఆ నాలుగేళ్లలో ఆయన కాలేజీకి వెళ్లి ఇక్కడి సర్టిఫికెట్లు సంపాదించారు. చిన్న చిన్న వర్క్‌షాపుల్లో చేస్తూ చేస్తూ, బండ్లకు చేసిన పని సరిగా ఉందో లేదో చూసి సంతకం పెట్టే ఇన్‌స్పెక్టర్ అయ్యారు. ఒకరోజు ఆ రోడ్ల కంపెనీ నుంచే పిలుపొచ్చింది. పాత యార్డులో ఎనిమిది పికప్‌లకు వేడి సీట్లు వేశారు, వచ్చి చూడమన్నారు. పాత సంగతి వాళ్లకు తెలియదు. ఈయన చెప్పలేదు. చెప్పకపోవడం తప్పేనని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

కాలిన సీటు మోయడానికి రెండో మనిషి కావాలన్నారు. నేను సెలవు పెట్టాను.

ఆయన ముందు ఎనిమిది బండ్లూ చూశారు. ప్రతి సీటు కిందా టార్చి వేసుకుని పడుకున్నారు. ఆరింటికి సంతకం పెట్టారు. రెండింటికి విడి ఫ్యూజు లేదని పక్కన పెట్టారు. అన్నీ పనికిరావని రాసేయొచ్చు కదా అని నేను గొణిగితే, "పగ ఆ మనిషి మీద, వైరు మీద కాదు" అన్నారు.

అప్పుడు మేమిద్దరం పాత సీటు దించి యార్డు మధ్యలో పెట్టాం. కంపెనీ తరఫున వచ్చిన ఇద్దరూ, మెకానిక్‌లూ, డ్రైవర్లూ చుట్టూ చేరారు. వాళ్లలో ఆ పెద్దాయన కూడా ఉన్నాడు. బాబాయి మేనేజర్‌ని అడిగారు. "ఈ వైరు ఎవరు వేశారు?"

గుర్తులేదన్నాడు మేనేజర్.

"గుర్తొచ్చేదాకా ఉంటాను" అని బాబాయి ఆ సీటును చేత్తో ఒకసారి కదిపి చూసి, దాని మీద కూర్చున్నారు.

ఎంతసేపో తెలియదు. చిన్న వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు. కంపెనీ మనిషి ఒకాయన ఏమిటిదని అడగబోతే, రెండో ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. చివరికి ఆనాటి శనివారం ఆ పని చేసిన మెకానిక్ ముందుకొచ్చాడు. వైరు వేసింది తనేనని, అలా వేయమన్నది మేనేజరేనని చెప్పాడు. అందరూ మేనేజర్ వైపు తిరిగారు.

"నేనే చెప్పాను" అన్నాడతను.

"పేరు ఎవరిది రాశారు?"

"నీది."

బాబాయి లేచారు. పెద్దాయన టోపీ తీసి దగ్గరికి వచ్చి, ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మేనేజర్ కూడా చెయ్యి చాచాడు. బాబాయి ఆ చేతి వైపు చూశారు. తరువాత తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

కంపెనీ తన బండ్లను వేరే యార్డుకు మార్చేసింది. కొన్నాళ్లకు మేనేజర్ ఉద్యోగం పోయిందని తెలిసింది. పాపం, ఇల్లూ పిల్లలూ ఉన్నవాడండీ అంది పిన్ని. "నాకూ ఇల్లుందిగా" అని, ఆయన పప్పు మళ్లీ వేయించుకున్నారు. ఒకసారి నేనే అడిగాను, మనసుకు ఎలా ఉంది బాబాయ్ అని. హాయిగా ఉందన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతోంది. జరిగిన అన్యాయాన్ని మరిచిపోకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా, ఒక మాట కోసం నాలుగేళ్లు కాచుకోవడం ఎలాగో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ రోజు యార్డు నుంచి తిరుగు ప్రయాణంలో ఆయన సొంత పికప్ నేనే నడిపాను. తన కోసం ఆయన వేసుకున్న ప్యాడ్లు వెచ్చగా ఉన్నాయి. ఎవరు నడిపినా ఇంజను చప్పుడు వింటూ కూర్చునే మనిషి, ఆ రోజు పది నిమిషాల్లో నిద్రపోయారు. నోరు కొంచెం తెరుచుకుంది. మంకీ క్యాప్ ఒక చెవి మీదికి జారింది. ఇంటి దగ్గర గుండ్రంగా తిరిగే రౌండబౌట్ వచ్చింది. మా వీధిలోకి తిరిగితే బండి ఆపాలి, ఆపితే లేస్తారు. నేను తిరగలేదు. ఇంకో చుట్టు తిప్పాను, మరో చుట్టు తిప్పాను. అద్దం మీద వాన చినుకులు పడుతున్నాయి, వైపర్లు తుడుస్తున్నాయి, ఆయన తల నెమ్మదిగా నా భుజం వైపు వాలుతోంది.