పియానోలో చెయ్యి పెట్టినాయన

పొద్దున మా అక్క బిడ్డ పియానో సరిచేసే ఆయన హైదరాబాద్ నుంచి బోధన్‌లోని మా ఇంటికి వచ్చాడు. మూత తీసి లోపల చెయ్యి పెట్టాడో లేదో, ఎనభై దాటిన మా బాపు తనే కుర్చీ ఈడ్చుకొచ్చి వేసి, చాయ్ పెట్టమని నాకు కేకేశాడు. నాకు నవ్వొచ్చింది. రెండేళ్ల కింద ఇలాంటి మనిషినే టీవీలో చూసి దొంగ అన్నాడీయన.

అప్పుడు మా అక్క బిడ్డ యూరప్‌లో అంతర్జాతీయ పియానో పోటీలో చివరి రౌండ్‌ దాకా పోయింది. నిజామాబాద్‌లో చర్చి పక్కనుండే టీచరమ్మ దగ్గర మొదలుపెట్టిన పిల్ల. గెలిస్తే అక్కడే పెద్ద గురువు దగ్గర చదువు, లేదంటే తిరిగి ఇంటికే. సాయంత్రం మేమంతా టీవీ ముందు చేరాం. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక, అక్కడివాళ్లు కొట్టాక మేమూ కొట్టేవాళ్లం. ఇద్దరు వాయించాక, విరామంలో నల్లచొక్కా మనిషొకడు సంచితో వచ్చి పియానోలోకి వంగాడు. బాపు ముందుకు జరిగాడు.

"అగో, లోపల చెయ్యి పెట్టిండు. గా ఇద్దరి ముందట పెట్టలే. మన పిల్ల వంతు రాంగనే ఎందుకు ముట్టిండు?"

"సరిచేస్తున్నడు కావచ్చు బాపు," అంది అక్క.

"ముప్పై ఏండ్లు కాటా కాడ కూసున్న. నాకు ఎరుక లేదా?"

నిజమే. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండ్లు తూచే కాటా ఆయన చేతిలోనే ఉండేది. తూకం తగ్గేలా కాటా బాబు కాలుతో ఏదో తొక్కుతాడని రైతులంతా ఆయన చెప్పుల వంకే చూసేవారు. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల కూడా ఆ మాటే అంది. ఆ రోజు నుంచి బాపు ఇంటికి రాగానే నేనూ ఆయన జేబుల వంక చూసేదాన్ని. ఎన్నడూ అడగలేదు.

ఆ సాయంత్రం బాపు అనుమానం ఇంటిల్లిపాదికీ అంటుకుంది. న్యాయనిర్ణేత ఒకాయన దగ్గితే సైగ అనుకున్నాం. మా పిల్లకు మూడో స్థానం వచ్చింది. గురువు దక్కలేదు. బాపు అన్నం ముట్టలేదు.

నెల తర్వాత పిల్ల వచ్చింది. చెప్పులు విప్పకముందే బాపు సంచి మనిషి సంగతి అడిగాడు.

"నేనే పిలిపిచ్చిన తాతా. ముందటోళ్లు వాయిస్తుంటే పియానోల ఒక మెట్టు గర్రుమంటుండె. ఆయన మంచిగనే చేసిండు. నడిమిట్ల నేనే తప్పిన."

బాపు టీవీ వైపు చూశాడు. "ఉత్తగనే దొంగను చేసిన గాయినెను," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నన్ను గూడ గిట్లనే సూసిండ్రు. నువ్వు గూడ బిడ్డా," అన్నాడు మెల్లగా.

ఆయనకు తెలుసని నాకు ఆనాటిదాకా తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి వంటింట్లోకి పోయాను.

ఈ పొద్దు చాయ్ అందిస్తూ, "తప్పయింది బాపు," అన్నాను. ఈ మధ్య ఆయన చెవులు మందగించాయి. పైగా పక్కన పియానో మోగుతోంది.

"ఏమంటివి?"

"చక్కెర సరిపోయిందా అన్న."

సరిపోయిందని తల ఊపాడు. మెల్లగా చెప్పాల్సిన మాటకు నాకు ధైర్యం వచ్చేసరికి, దాన్ని అరిచి చెప్పాల్సిన కాలం వచ్చేసింది.