నాలుగు మూరల సందు

మా ఆయనకు మనుషుల మీద కంటే క్యాసెట్ల మీద ప్రేమ ఎక్కువ. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. ఎనభైల చివర్లో కొల్లాపూర్‌లో మాకు వీడియో దుకాణం ఉండేది. దుకాణమంటే ఇంకేం లేదు, మేం కిరాయికున్న ఇంటి ముందరి గదే. గోడలకు చెక్కలు కొట్టి క్యాసెట్లు పేర్చాడు. పెళ్లిళ్లకు, పండగలకు ఊళ్లవాళ్లు టీవీ, వీడియో డెక్కు కిరాయికి అడిగితే వాటిని మోసుకుని తానే వెళ్లేవాడు. ఆత్మకూర్ దిక్కు వెళ్తే రెండు రోజులు, ఒక్కోసారి మూడు. ఆయన వచ్చేదాకా ఆ ఇంటికి తాళం నేనే, కుక్క నేనే.

“గడప దాటకు. ఒక్క క్యాసెట్ పోయినా మల్ల దొరకది,” అని బయలుదేరే ముందు ప్రతిసారీ చెప్పేవాడు.

“పెండ్లాం పోతే దొరుకుతదా?” అని ఒకసారి అడిగాను. నవ్వి చెప్పులు తొడుక్కున్నాడు.

నేను పోచంపల్లి పిల్లను. మా పుట్టింట్లో మూడు మగ్గాలు పొద్దంతా ఆడేవి. అమ్మ, ఇద్దరు చిన్నమ్మలు, నేను ఒకే వసారాలో కూర్చుని నూలు పని చేసేవాళ్లం. చేతులు ఎంత ఆడేవో నోళ్లూ అంతే ఆడేవి. ఆ మగ్గాల మోతలో పోట్లాడాలన్నా గట్టిగా అరవాల్సిందే. నా గొంతు అక్కడే తయారైంది. ముక్కు మీది కోపం మాత్రం నా సొంతం, అది ఎవరూ నేర్పలేదు. కొల్లాపూర్‌లో ఆ గొంతుకు పని లేకుండా పోయింది. మా ఇంటికి ఒకపక్క ఎప్పుడో కూలిన ఇల్లు మట్టిదిబ్బగా మిగిలి ఉంది. ఇంకోపక్క సందు. మధ్యాహ్నాలు గోడ మీది బల్లితో పోట్లాడేదాన్ని. నవ్వించడానికి చెప్పడం లేదు, నిజంగానే పోట్లాడేదాన్ని.

తిరిగొచ్చిన క్యాసెట్లను మొదటికంటా తిప్పి, బొమ్మ ఎక్కడైనా చెడిందేమో చూడటం నా పని. దానికోసం ఇంట్లో ఒక పాత టీవీ, ఇంకో డెక్కు ఉండేవి. ఒకరోజు పేరు లేని క్యాసెట్ ఒకటి కనపడింది. హైదరాబాద్ నుంచి తెచ్చిన మూటలో ఎట్లా కలిసిందో కలిసింది. పెట్టి చూస్తే అందులో కథ లేదు, పాటలు లేవు, మాటలు ఏ దేశానివో తెలియదు. ఒకటే పరుగు. మనుషులు గోడలెక్కుతారు, మిద్దె మీంచి మిద్దె మీదికి దూకుతారు, కిటికీలోంచి దూరి ఇంకో కిటికీలోంచి బయటపడతారు. ఎవరు తరుముతున్నారో, ఎందుకో చెప్పరు.

మొదటిరోజు నాకు తల తిరిగింది. వెంటనే మళ్లీ పెట్టుకున్నాను. ఇల్లు ఎట్లా కట్టి ఉంటే అట్లా తిరగాలని కదా మనకు నేర్పుతారు. గడప ఉన్నచోట దాటాలి, గోడ ఉన్నచోట ఆగాలి. ఈ మనుషులకు ఆ లెక్కే లేదు. గోడ ఎదురైతే దాని మీద కాలు పెట్టి పైకి పోతున్నారు. చూస్తుంటే నా అరికాళ్లు జిలజిలలాడేవి. పొయ్యి మీద అన్నం మాడిన రోజులు కూడా ఉన్నాయి.

క్యాసెట్ చివర్లో ఇంకో ముచ్చట ఉంది. గురి తప్పినవన్నీ అక్కడ చూపించారు. అంతసేపూ పక్షుల్లా తిరిగినవాళ్లు అక్కడ పడతారు. ఒకడు అంచు అందక జారిపోతాడు, ఒకడు మోకాళ్ల మీద పడి దొర్లుతాడు. పడగానే పక్క నుంచి నలుగురు ఉరుకుతారు. ఒకరు తల పట్టుకుంటారు, ఒకరు కాలు నిమురుతారు, ఇంకొకరు చంకల కింద చేతులేసి లేపుతారు. పడ్డవాడు నవ్వుతాడు. నేను ఆ చివరి ముక్కనే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్లలో అట్లాంటివి కొల్లలుగా వస్తున్నాయి, ఇంట్లో పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. నేనూ చూస్తాను. దూకడం బాగానే ఉంటుంది కానీ నా కళ్లు మాత్రం పడ్డవాడి దగ్గరికి ఎవరు వస్తున్నారా అని వెతుకుతాయి.

మాది మట్టి మిద్దె. ఆ వాడలో ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం పూట మిద్దెలన్నీ ఆడవాళ్లవి. ఏ మగవాడైనా పని పడి మిద్దె ఎక్కాలంటే ముందు కింద నుంచే కేక వేయాలి. సందుకు అవతల వరుసలో అన్నీ ముస్లింల ఇళ్లు, మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఉప్పు కావాలన్నా, బాలింతను చూడాలన్నా ఆ ఆడవాళ్లు వీధి మొహం చూడకుండా మిద్దెల మీదుగానే వెళ్లి వచ్చేవాళ్లు. మా మిద్దె ఒక్కటే సందుకు ఇవతల తెగిపోయి ఉండేది.

మా ఎదురు మిద్దె మీదికి ఒకామె మిరపకాయలు ఎండబెట్టడానికి వచ్చేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. భర్త లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. అత్త ఆమెను ఒంటరిగా బజారుకు పంపదు, కొత్తవాళ్లను ఇంట్లోకి రానివ్వదు. నేను ఆపా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. రోజూ మధ్యాహ్నం సందుకు చెరో అంచున కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. కింద సందులోంచి ఎవరైనా పోతుంటే గొంతు తగ్గించేవాళ్లం. ఏడాదిన్నర ఆమెతో మాట్లాడాను కానీ ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆమె ఒంటి దగ్గర ఏ వాసన ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

క్యాసెట్ సంగతి ఆమెకు చెప్పాను. ఎవరు ఎట్లా దూకారో లేచి నిలబడి చేసి చూపించాను.

“ఆడోళ్లు గూడ దుంకుతరా అండ్ల?” అని అడిగింది.

“ఇద్దరున్నరు.”

“మరి నువ్వు జర దుంకి రారాదు? చాయ్ పోస్త,” అంది నవ్వుతూ.

నవ్వులాటకే అంది. నేను నవ్వలేదు. మరునాడు నూలు దారం కొసకు చిన్న రాయి కట్టి అవతలికి విసిరాను. ఆపా దారం కొస పట్టుకుంది. లాగి, తెంపి, చేత్తో కొలిస్తే నాలుగు మూరలు. నాలుగు మూరలంటే ఒక చీరలో సగం పొడవు కూడా ఉండదు. ఆ పొద్దు నుంచి ఆయన ఊళ్లో లేనప్పుడల్లా మా మిద్దె మీద బొగ్గుతో రెండు గీతలు గీసి, ఒకదాని మీంచి ఇంకోదానికి దూకడం మొదలుపెట్టాను. చీర గోచి పోసి కట్టుకునేదాన్ని. మొదట్లో రెండు మూరలు కూడా దాటలేదు. నెల తిరిగేసరికి నాలుగు దాటి ఇంకో జానెడు మిగిలేది. ఆపా అవతల కూర్చుని చప్పట్లు కొట్టేది. ఏనాడూ నిజంగా దూకమని మాత్రం అనలేదు.

ఒక బేస్తవారం నాడు ఆమె మిరపకాయలు లేకుండా ఉత్త చేతులతో మిద్దె ఎక్కింది.

“రేపు జుమ్మా నమాజ్ కాంగనే హైదరాబాద్ పోతున్నం, చెల్లె. ఆయన లారీ అక్కడ్నే పెట్టిండట. జాగా గూడ చూసిండు.”

“మల్ల ఎన్నడొస్తవ్?”

“ఇగ ఏం వస్త? ఇల్లు ఖాళీ జేస్తున్నం.”

ఈ మనిషి పోతే నాకు బల్లి తప్ప ఇంకెవరున్నారు? మా ఆయన సాయంత్రం బస్సుకు వస్తాడు. అప్పటిదాకా పొద్దుంది. కిందికి దిగి వీధి తలుపుకు లోపల గడియ వేశాను. పైకొచ్చి గోచి బిగించాను. ఆపాకు అర్థమైంది. “వద్దు, వద్దు,” అంటూనే పక్కకు జరిగి నాకు జాగా ఇచ్చింది.

మా పిట్టగోడ ఆ పక్కన వానలకు కూలిపోయి ఉంది, అడ్డు లేదు. ఉరికాను. సందు నా కాళ్ల కిందికి వచ్చిందీ పోయిందీ తెలియలేదు. అవతలి మిద్దె మీద ధబ్బున మోకాళ్లూ చేతులూ ఆనించి పడ్డాను. కళ్లు తెరిచేసరికి ఆపా నా చంకల కింద చేతులేసి లేపుతోంది. “దెబ్బ తాకిందా, చూపి, చూపి,” అని నా అరచేతుల మట్టి తన ఓణీతో తుడిచింది. ఆమె దగ్గర సబ్బు వాసన, మిరపకాయల ఘాటు కలిసి వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం ఏడుస్తూ నవ్వుకున్నాం.

కింద గదిలో పడుకున్న ఆమె అత్త మీద దూలాల సందుల్లోంచి మట్టి రాలినట్టుంది. “కౌన్ హై?” అని అరిచింది.

“కోతులు, అమ్మీ,” అంది ఆపా.

దొంగలా కిందికి వెళ్లి ఆమె చాయ్ తెచ్చింది. మెట్ల గోడ నీడలో ఒకరి తొడ ఒకరికి ఆనించి కూర్చున్నాం. నా జుట్టంతా చెదిరిందని విప్పి మళ్లీ జడ వేసింది. పెళ్లయి వచ్చాక నా తల మీద ఇంకో మనిషి చెయ్యి పడటం అదే మొదలు. ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. మాట్లాడుకోవడానికి కాదు నేను దూకింది.

పొద్దు వాలుతుంటే పోవడానికి లేచాను. అంచుకు వచ్చి చూసి ఆగిపోయాను. మా మిద్దె ఎత్తుగా ఉంది, మూరెడు ఎత్తు. ఇన్నాళ్లూ పైనుంచి చూసిన నాకు రెండూ సమానంగా కనపడేవి. క్యాసెట్‌లో ఎవడూ తిరిగి రాడు. అందరూ అటే పోతారు. తిరిగి రావడమనే పని ఒకటుందని నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు. వీధి నుంచి పోదామంటే తలుపుకు లోపల గడియ వేసింది నేనే. ఇంకాసేపట్లో ఆయన వచ్చి తలుపు కొడతాడు.

“నువ్వు పోలేవు. మా సాస్‌ను లేపుత, ఏమన్న జేద్దం,” అంది ఆపా.

అత్తను లేపితే ఆపాకు ఏమవుతుందో నాకు తెలుసు. వద్దన్నాను. వెనక్కి వెళ్లి ఉరికాను.

ఛాతీ మా మిద్దె అంచుకు కొట్టుకుంది. ఒక కాలు పైకి వచ్చింది, ఒకటి సందులో వేలాడింది. గోళ్లతో మట్టి పట్టి ఎట్లాగో పైకి పాకాను. పైకి వచ్చిన కాలి చీలమండ మెలిపడి నిప్పు పెట్టినట్టు మండుతోంది. లేవబోతే కాలు నిలవలేదు. వెల్లకిలా పడిపోయాను. ఊపిరి అందడం లేదు.

“లెవ్వు, చెల్లె. లేస్తున్నవా?” అవతల నుంచి ఆపా.

“కాలు లేస్తలేదు. నువ్వు రా. వచ్చి నన్ను లేపు.”

ఆమె వెనక్కి వెళ్లింది. ఓణీ నడుముకు చుట్టుకుంది. ఉరికి వచ్చి అంచున ఆగిపోయింది. మళ్లీ వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చి ఆగిపోయింది. మూడోసారి అంచున కూలబడింది.

“నాతోని గాదు,” అంది.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. నొప్పికి వచ్చిన కోపం కాదు. నేను నెల రోజులు గీతలు గీసుకుని దూకినదాన్ని. ఆమె ఏనాడూ దూకినది కాదు, పైగా ఇటు మూరెడు ఎత్తు. అది ఆలోచించే తెలివి ఆ నిమిషాన నాకు లేదు. నేను దూకాను, తను దూకలేదు, అంతే కనపడింది.

“నీ కోసం నేను దుంకలేదా? నీకెందుకు శాతగాదు? పో. నీ హైదరాబాద్‌కు నువ్వు పో. నీ మొఖం నాకు చూపియ్యకు,” అన్నాను.

నా గొంతు ఎట్లాంటిదో చెప్పాను కదా. సందు సందంతా వినపడి ఉంటుంది. ఆపా లేచి, నడుముకు చుట్టిన ఓణీ విప్పి కప్పుకుని మెట్లు దిగింది. నేను కూర్చునే ఒక్కో మెట్టూ దిగి తలుపు గడియ తీసేసరికి ఆయన వచ్చాడు. మెట్ల మీద జారానని చెప్పాను. నమ్మాడు.

మరునాడు కాలు వాచి నేల మీద పెట్టనివ్వలేదు. దవాఖానలో కట్టు కట్టించి తీసుకొచ్చి ఆయన నన్ను ఇంటి లోపలి వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టాడు. నమాజ్ అయింది. సందు చివర టెంపోలో సామాను ఎక్కిస్తున్న చప్పుడు వినపడుతోంది. అంతలో అవతలి మిద్దె మీంచి పిలుపు వచ్చింది.

“చెల్లె.”

మెట్లు ఎక్కలేను కానీ వాకిట్లోంచి పలకగలను. పలకలేదు. పోయేవాళ్లు ఎట్లాగూ పోతారు, పిలవనీ, ఇంకా పిలవనీ అనుకున్నాను. కొంచెం ఆగి మళ్లీ పిలిచింది.

“చెల్లె.”

ముందరి గదిలో క్యాసెట్లు సర్దుతున్న మా ఆయన తల బయటకు పెట్టాడు. “ఎవరో పిలుస్తుండ్రు గదనే. పలుకవేంది?”

“నన్ను గాదు,” అన్నాను.

మూడోసారి పిలిస్తే పలుకుదామని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. సందు చివర టెంపో కదిలిన చప్పుడైంది.