ఫుల్లంటే ఏమప్పా?

నా చిన్నతనంలో ఆలూరు పోయే బస్సు మా వాడ దగ్గరికొచ్చేసరికి కండక్టరు తలుపులోంచి చెయ్యి ఊపుతూ ఒకటే మాట అరిచేవాడు... "ఫుల్లు! ఫుల్లు!"

బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయేది. ఆ మాటకు 'మీకోసం ఆపం' అని అర్థం కాబోలు అనుకునేదాన్ని...

మా పెద్దవాళ్ళు మాత్రం జనం నిండిన బస్సును 'కిటకిట' అనేవాళ్ళు. కిటకిటలాడే బస్సులో ఇంకొకరికి ఎలాగో చోటు దొరికేది. ఫుల్లయిన బస్సులో మాకు ఎప్పుడూ దొరకలేదు.

మాది చర్చి పక్కన కూలోళ్ళ వాడ. పెద్ద ఊరి స్టాపులో ఆగే బస్సు మా దగ్గర ఆగేది కాదు. ఎందుకో అందరికీ తెలుసు... ఎవరూ అడగరు.

పదో తరగతి పరీక్షల మొదటి రోజు. సెంటరు ఆలూరులో. మా నాయన తల్లి మరియమ్మవ్వ తోడొచ్చింది. మొదటి బస్సు "ఫుల్లు" అంటూ పోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

రెండోది కనబడగానే అవ్వ కొంగు నడుముకు బిగించి నడిరోడ్డు మీదికి నడిచింది. బ్రేకు కీచుమంది.

"చస్తావా ముసల్దానా? ఫుల్లంటే అర్థం గాదా?" అని కండక్టరు అరిచాడు.

"గాకనే అడుగుతాండా. ఫుల్లంటే ఏమప్పా? లోపల జాగా లేదనా, మమ్మల్ని ఎక్కించుకునేది లేదనా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. అవ్వ కదల్లేదు.

"మా పాప పరీక్షకు పోవల్ల. నన్ను తొక్కించుకొనన్నా పో, పాపనన్నా ఎక్కించుకో."

కిటికీ పక్కన మంత్రాలయం నుంచి వస్తున్న ఒకామె మూట ఒళ్ళోకి తీసుకుంది. "ఈడ జాగా ఉండాది, రాండమ్మా" అంది. ఆమె వెనక ఇంకొకరు జరిగారు. లోపల నిజంగా కిటకిటే... అయినా ఇద్దరం పట్టాం.

పరీక్ష రాశాను. పాసయ్యాను.

మర్నాడు అవ్వ ఒంటరిగా రాలేదు. మా వాడ ఆడవాళ్ళందరూ రోడ్డు మీదికొచ్చారు. ఎవరూ చెయ్యెత్తకముందే బస్సు ఆగింది... ఆ తర్వాత ఆగుతూనే వచ్చింది.

ఇప్పుడు సీట్లు ఫోనులోనే చూసుకుంటున్నాం. లేవంటే లేవు... ఎందుకు లేవని నిలదీయడానికి ఎదురుగా మనిషే ఉండడు. అందుకే నేను ఇప్పటికీ బస్టాండుకే పోతాను. ముందు బస్సు మెట్టు మీద కాలు పెట్టి, తర్వాతే మాట్లాడతాను.

మిమ్మల్ని ఏ మాట చెప్పి దూరం పెట్టారు? మీ ఇంట్లో దానికి ఎవరు ఎదురు నిలబడ్డారు? వాళ్ళ పేరు ఇక్కడ రాయండి... నలుగురూ చదవాలి.