ఇద్దరు గంగారాములు

నేను నిజామాబాద్ వెళ్లింది నా తప్పు ఒప్పుకోవడానికి. పోచంపాడు దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. హైదరాబాదులో ఒక చిన్న వారపత్రికలో పనిచేసేవాణ్ణి. గంగారాం చనిపోయాడని జిల్లా నుంచి ముక్తసరిగా కబురు వస్తే, పేరుమోసిన కుస్తీ పహిల్వాన్ గంగారామే అనుకుని అర పేజీ సంతాపం రాసేశాను. నిజానికి చనిపోయింది బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం పట్టే గంగారాం.

పొద్దున ఏడింటికి కాచిగూడలో ప్యాసింజరు ఎక్కాను. కామారెడ్డిలో ఇడ్లీ, టీ దొరికాయి. ఎదురుగా కూర్చున్న బాల్కొండ రైతు నా పనేమిటో అడిగి తెలుసుకుని, "పహిల్వాన్‌తోని జర దూరం నిలవడి మాట్లాడు సారూ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఒంటిగంటకు నిజామాబాద్‌లో దిగి, రిక్షాలో కుస్తీ నేర్పే తాలీంకు వెళ్లాను. యాభై దాటిన పహిల్వాన్ గంగారాం పారతో ఎర్రమట్టి తిరగేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే పార పక్కన పెట్టాడు.

"నువ్వేనా? నేను సచ్చిపోయిన్నని మా చెల్లె ఏర్గట్ల నుంచి ఏడ్సుకుంట వచ్చింది."

చనిపోయింది బోధన్‌లో మరో గంగారాం అని చెప్పి, క్షమించమన్నాను. ఆయన చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"నేనైతే బతికే ఉన్న. పోయినాయన ఇంటికి పోయినవా?"

"ఇంకా లేదండీ."

"ముందుగాల గాడికి పో."

మూడింటి బస్సు పట్టుకున్నాను. దారంతా చెరకు బండ్లే. వాటి వెనకాల బస్సు మనిషి నడకలా సాగింది. బోధన్ దగ్గరపడేసరికి మడ్డిపాకం వాసన కిటికీల్లోంచి లోపలికొచ్చింది. "గంగారాం ఇల్లా? చర్చి ఎనుక గల్లి" అన్నాడు కండక్టరు. "ఆయన డ్యూటీల చేసిన చక్కెర సూడంగనే తెలుస్తుండె."

పత్రిక నుంచి వచ్చానని చెప్పగానే ఆయన భార్య శాంతమ్మ, బైబిలులో దాచిన పత్రిక పేజీ తీసి నా చేతికిచ్చింది.

"నాకు చదువు రాదు సారూ. ఆయన పేరు పేపర్ల పడ్డదన్నరు. ఎవరితోని చదివిచ్చినా సగంల ఆపుతున్నరు. మీరన్న మొత్తం చదువుండ్రి."

ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇది ఆయన గురించి కాదమ్మా. వేరే గంగారాం గురించి. రాసింది నేనే, తప్పు నాదే."

ఆమె కాగితం తిరిగి తీసుకుని మెల్లగా మడిచింది. "గందుకే ఆపిండ్రు" అంది. కాసేపటికి పీట వాల్చి, "కూసోండ్రి. నేను చెప్త, రాసుకోండ్రి" అంది.

మరిగే పాకం చుక్క గాజుముక్క మీద వేసి, వెలుగుకు పట్టి చూసేవాడట. తర్వాత వేళ్ల మధ్య రుద్ది, చక్కెర గింజ కట్టిందో లేదో చెప్పేవాడట. "వేళ్లు కాలి కాలి మొద్దుబారినయి. చాయ్ గిలాస ఎంత వేడిగున్నా పట్టుకుంటుండె. గింజ మాత్రం తెలుస్తుండె. ఇరవై ఏండ్లు చక్కెర చేసిండు, చాయ్‌ల చక్కెర ఏసుకోకపోతుండె."

ఆ రాత్రికి నిజామాబాద్ స్టేషన్ పక్క లాడ్జిలో ఉండిపోయాను. పొద్దున ఎనిమిదింటి బండికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి పహిల్వాన్ జొన్నరొట్టెల మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ బండికే పోతవనుకున్న. ఎసుంటోడు ఆయన?" అని అడిగాడు.

గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాను. ఆయన తన చేతివేళ్లు చూసుకుంటూ విన్నాడు. "ఒక్కపారన్న కలిసుంటే మంచిగుంటుండె" అన్నాడు.

అంత దూరం వెళ్లి కూడా నిజామాబాద్ ఖిల్లా నేను చూడలేదు. తన పేరే ఉన్న మరో మనిషి ఎలా బతికాడో అడగడానికి పొద్దున్నే స్టేషన్‌కు వచ్చిన మనిషిని చూశాను. సిర్నాపల్లి అడవి దాటుతుండగా కాగితాలు తీసి, శాంతమ్మ చెప్పింది చెప్పినట్టు రాయడం మొదలుపెట్టాను.