అద్దం తలుపుకు ఇవతల

ఎనిమిదేళ్లుగా ఒక చప్పుడును మోస్తున్నాను. పెద్దదేం కాదు. రక్తంతో తడిసిన చేతులు మందపాటి అద్దాన్ని బాదితే మెత్తగానే వినిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు వద్దు. పుట్టి పెరిగింది చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో. అంబత్తూరులో కారు విడిభాగాలు చేసే ఒక విదేశీ కంపెనీలో హెచ్ఆర్ విభాగానికి హెడ్‌గా ఉండేదాన్ని. మనుషుల్ని చేర్చుకోవడం, వాళ్ల గోడు వినడం, అవసరమైతే పంపించెయ్యడం నా పని.

ఎనిమిదేళ్ల కిందట, సముద్రం అవతలున్న మా ప్రధాన కార్యాలయం ఇనుప రేకును అచ్చుల్లో నొక్కి భాగాలు చేసే ప్రెస్ షాపును మూసేసి, ఆ పనిని ఇంకో దేశానికి తరలించాలని నిర్ణయించింది. వాళ్ల మాటల్లో అది వ్యూహం. కార్మికులు ఒప్పుకోలేదు. గేటు ముందు కూర్చున్నారు. ఎవరు చెబితే మిగతావాళ్లు వింటారో ఒక పట్టిక తయారు చెయ్యమని నన్నడిగారు. చేశాను. అందులో మొదటి పేరు మునిరత్నం.

మునిరత్నం మాధవరం నుంచి వచ్చేవాడు. వాళ్లదీ మాలాగే తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. నలుగురిలో మేడం అనేవాడు, ఎవరూ లేకపోతే అక్కా అనేవాడు. అతని కూతుర్ని స్కూల్లో చేర్చడానికి కావలసిన ఉత్తరం నేనే రాసిచ్చాను. అతను గొంతు పెంచడం ఒక్కసారి కూడా వినలేదు. ఆ మనిషి పేరునే ప్రమాదకరం అనే ఎర్ర రంగు గడిలో పెట్టి సముద్రం అవతలికి పంపాను.

ఒకరోజు మా ప్లాంటు డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. బయటి నుంచి కొందరు సెక్యూరిటీ మనుషులు వస్తున్నారని, మునిరత్నాన్ని ఒంటరిగా లోపలికి రప్పించమని చెప్పాడు. కాస్త భయపెడతారు, అంతే అంటూ వాళ్లను పిలిపించే కాగితాన్ని నా ముందుకు తోశాడు.

నమ్మానా? నమ్మాననే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మరి, నమ్మినదాన్నయితే ఆ ఉదయం క్యాంటీన్ వాళ్లను ఆలస్యంగా రమ్మని ఎందుకు చెప్పాను? నా కింద పనిచేసే అమ్మాయిలకు అడగకుండానే సెలవెందుకిచ్చాను? చూసే కళ్లు ఉండకూడదనుకున్నాను. అంటే ఏం జరగబోతోందో నాకు తెలుసు. తెలుసు. ఈ ఒక్క మాట రాయడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఫోన్ చేసింది నేనే. తెలుగులో మాట్లాడాను.

"మునిరత్నం, తొమ్మిదికి పక్క గేటు నుంచి రా. డైరెక్టరు మాట్లాడతాడంట. ఒక్కడివే రావాల."

"ఒక్కడినే అంటే మావోళ్లు ఒప్పుకోరక్కా."

"నేనుండా గదా ఈడ."

"సరి అక్కా. మీరుండారంటే వస్తా" అన్నాడు.

వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో వాళ్ల డిమాండ్ల కాగితాలు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. చర్చలకని.

మా ఆఫీసు గాజు తలుపుకు అద్దంలా మెరిసే ఫిల్మ్ అంటించి ఉండేది. లోపలివాళ్లకు బయటంతా కనిపిస్తుంది. బయటివాళ్లకు తమ మొహమే కనిపిస్తుంది. నేను ఆ తలుపు వెనక నిలబడ్డాను. బయట వరండాలో అతను ఎదురుచూస్తుంటే ఐదుగురు వచ్చారు. మొదటి దెబ్బ ఇనుప పైపుతో మోకాలి మీద పడింది. అతను కూలిపోయాడు. కడుపులో తన్నారు, వీపు మీద తొక్కారు. ఒకడు అతని అరచేతిని బూటుతో నేలకు అదిమిపెట్టాడు, ఇంకొకడు పైపెత్తి మొహం మీద కొట్టాడు. ఎముక విరిగిన శబ్దం అద్దం ఇవతలికి కూడా వచ్చింది. కాగితాలు రక్తంలో అంటుకుపోయాయి.

ఎలా విడిపించుకున్నాడో తెలియదు. పాక్కుంటూ తలుపు దగ్గరికొచ్చి రెండు చేతులతో బాదాడు.

"అక్కా! తలుపు తియ్యక్కా! చంపేస్తా ఉండారు!"

తలుపు తెరిచే కార్డు నా మెడలో ఉంది. అతని మొహం నా మోకాళ్ల ముందు, జానెడు దూరంలో ఉంది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట రక్తం తప్ప ఏమీ కనిపించలేదు. నేను కదల్లేదు. భయపడ్డానా? ఆ మనుషులంటే భయం లేదు, వాళ్లను పిలిపించిన కాగితం మీద సంతకం నాదే. ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ ఆ క్షణంలో నాలో ఉన్నది, నిజం చెప్పాలంటే, కోపం. ఇక్కడికెందుకొచ్చాడు, నన్నెందుకు పిలుస్తున్నాడు అని అతని మీద కోపం. వాళ్లు అతని కాళ్లు పట్టుకుని వెనక్కి లాగారు. అద్దం మీద పది వేళ్ల గీతలు మిగిలాయి.

వాటిని నేనే తడిగుడ్డతో తుడిచాను. తర్వాత కెమెరాలో రికార్డయినదంతా చెరిపేసి, కెమెరా మరమ్మతులో ఉందని రాశాను. ఇనుప పైపుతో లోపలికి చొరబడి సిబ్బంది మీద దాడి చేసింది మునిరత్నమేనని డైరెక్టరు పేరు మీద నివేదిక రాశాను. ఆ నివేదికతోనే అతని ఉద్యోగం పోయింది, అతని మీదే కేసు పడింది. ఎడమ కన్ను పోయింది. గేటు దగ్గర కూర్చున్నవాళ్లు బెదిరిపోయి ఒక్కొక్కరే వచ్చి రాజీనామాల మీద సంతకాలు పెట్టారు. పని సాఫీగా పూర్తయిందని ప్రధాన కార్యాలయం నన్ను మెచ్చుకుంది. పదోన్నతి వచ్చింది. తీసుకున్నాను.

పోయిన నెల నెల్లూరు వెళ్దామని మాధవరం బస్టాండుకు వెళ్లాను. టీ కొట్టు ముందు గ్లాసులు కడుగుతున్న మనిషి తలెత్తి చూశాడు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది.

"అక్కా, బాగుండారా?"

చేతులు తుడుచుకుని నాకోసం స్టూలు లాగాడు. కేసు ఇంకా నడుస్తోందని, వాయిదాలకు తిరుగుతున్నానని చెప్పాడు. తర్వాత అన్నాడు, "ఆ పొద్దు మీరు ఆడ లేకపోతిరి. ఉండుంటే నన్ను అట్ల కొట్టనిచ్చుండరు. మా ఇంట్లోదానితో ఎప్పుడూ ఇదే చెప్తా ఉంటా. మిమ్మల్ని కూడా వాళ్లు మోసం చేసినారు గదా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేనేమన్నానో తెలుసా?

"అవును మునిరత్నం. నేను లేను."

అతనిచ్చిన టీ తాగాను. బస్సెక్కాను. ఊరు దాటకముందే దిగిపోయి, నెల్లూరు వెళ్లకుండానే ఇంటికి తిరిగొచ్చాను.

నిన్న అతని వకీలు దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. నేను రాసి తెచ్చిన వాంగ్మూలాన్ని చివరిదాకా చదివి, దీంతో మీరు జైలుకు వెళ్లొచ్చు, తెలుసా అంది. తెలుసన్నాను. ఇన్నేళ్లకు ఎందుకు అని అడిగింది. పశ్చాత్తాపం అనడానికి నోరు రాలేదు. అతను నన్ను నమ్ముతూనే ఉండటాన్ని ఇక భరించలేకపోయాను, అంతే. అది కూడా నా కోసమే కదా? ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను.

సాయంత్రం అతనికి చదివి వినిపిస్తానంది. వినిపించే ఉంటుంది. నా ఫోన్ మోగలేదు. మోగాలని నేను కోరుకోవడం లేదు. అతని కన్ను తిరిగి రాదు, అతను నన్ను క్షమించాల్సిన పనీ లేదు. ఈ ఉదయం అద్దం ముందు జడ వేసుకుంటూ వాంగ్మూలంలోని మొదటి వాక్యాన్ని పైకే అన్నాను. నేను అక్కడే ఉన్నాను, తలుపు తియ్యలేదు. మీకూ అదే చెబుతున్నాను.