దుమ్మును ఒప్పుకోని బావమరిది

నిన్న సాయంత్రం కరెంటు పోతే పెరట్లో కుర్చీ వేసుకుని పడమటి గోడకు వీపు ఆనించాను. పొద్దు గూకి చాలాసేపయినా గోడ ఇంకా వేడిగానే ఉంది. మా బావమరిది గుర్తొచ్చాడు. వాడి పరిశోధనకు అసలు ఆలోచన నాదేనని జగ్గయ్యపేటలో చాలామందికి చెప్పాను. వాడు పోయాక మరీ ధైర్యంగా చెబుతున్నాను. నిజానికి నేనిచ్చింది మేడ మీద గది, టీ. ఆ టీ కూడా మా ఆవిడే పెట్టేది.

మా ఆవిడ తమ్ముడు తొంభైల నుంచీ మా ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో నందిగామ వెళ్లి కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. సెలవుల్లో డాక్టరేటు పని. కొన్ని గెలాక్సీల నడిబొడ్డు విపరీతంగా వెలుగుతుందట. వాటిలో మరీ దూరాన, మరీ ప్రకాశంగా ఉండేవి క్వాజార్లట. వాటి నుంచి కంటికి కనపడని పరారుణ కాంతి, మన గోడ వదిలే వేడి లాంటిది, ధారాళంగా వస్తుంది. అది నడిబొడ్డు నుంచి నేరుగా వస్తోందా, లేక చుట్టూ ఉన్న దుమ్ము ఆ వెలుగును మింగి, వేడెక్కి, మళ్లీ బయటికి వదులుతోందా? ఇదీ తగువు. మావాడు నేరుగానే అన్నాడు. డాక్టరేటు మొత్తం ఆ మాట మీదే నిలబెట్టాడు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని మా ఇంట్లో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆరేసిన బట్టను దులపకుండా ఎవరమూ తొడుక్కునేవాళ్లం కాదు.

"అంత దూరం పోయినా దుమ్మేనంటే ఎట్టా బావా? ఇక్కడ తింటున్నది చాల్లేదా?" అని కసిరేవాడు.

"దుమ్ము లేని చోటుంటే చెప్పరా, అక్కడే ఇల్లు కట్టుకుంటా."

"నవ్వు నవ్వు. నడిబొడ్డు మినుకుమంటే ఈ వేడీ వెంటనే మినుకుమనాలి. చూస్తా ఉండు."

రెండువేలు దాటాక కొలతలు ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని క్వాజార్ల సంగతి వేరట గానీ, వాడు పట్టుకున్నవాటిలో మాత్రం వెలుగు పెరిగిన ఎన్నాళ్లకో గానీ వేడి పెరగలేదు. వెలుగు దుమ్ము దాకా ప్రయాణం చేయాలి కదా! ఆ కొలతలు చూసిన రోజు నందిగామ బస్సు దిగి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"దుమ్మే బావా," అన్నాడు.

భుజం మీద చెయ్యి వేసి ఓదార్చానని అందరికీ చెబుతుంటాను. వేయలేదు. "చొక్కా దులుపుకుని లోపలికి రా," అన్నానంతే.

"మళ్లీ మొదలుపెట్టరా తమ్ముడూ," అంది మా ఆవిడ.

"గైడు రిటైరైపోయాడక్కా. నాకు మాత్రం వయసుందా?"

మళ్లీ ముట్టుకోలేదు. డాక్టరేటు లేకుండానే పాఠాలు చెప్పాడు, లేకుండానే పోయాడు. మేడ మీద కాగితాలను మా ఆవిడ మోకాళ్లు సహకరించినన్నాళ్లు దులిపింది. ఇప్పుడు ఎవరూ ఎక్కడం లేదు.

నడిబొడ్డు మసకబారినా ఆ సంగతి దుమ్ముకు ఆలస్యంగా తెలుస్తుందని వాడే చెప్పాడు. నా వీపు వెనక గోడ మెల్లగా చల్లారింది. కాలం చేసే దయ ఇంతే కాబోలు, పోయినదాని వేడిని కాసేపు మన దగ్గర ఉంచుతుంది, తర్వాత అదీ పట్టుకుపోతుంది.